స్థలం మీదే, కానీ అందులో ఏం చేయొచ్చు? కొనే ముందు ఆంక్షలు వెతికే పద్ధతి

స్థలం కొనేటప్పుడు అందరికీ టెన్షన్ ఒక్క విషయంలోనే ఉంటుంది. అమ్ముతున్న మనిషి నిజంగా ఓనరేనా, కాదా? అది చూడాల్సిందే. కానీ లాయరు టైటిల్ (యాజమాన్య హక్కు) బాగుందని చెప్పగానే అడ్వాన్స్ ఇచ్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏ మచ్చా లేని టైటిల్ ఉన్న స్థలంలో కూడా మీరు అనుకున్న ఇల్లు కట్టలేకపోవచ్చు. షాపు పెట్టలేకపోవచ్చు. పక్కవాళ్లు దాని మధ్య నుంచి నడిచే హక్కు సంపాదించుకుని ఉండొచ్చు. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ భూమిలో నన్ను ఏం చేయనిస్తారు?

భూమి మీద పట్టు రెండు వైపుల నుంచి ఉంటుంది. ఒకటి ప్రభుత్వానిది. జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏ వాడకం ఉండాలో తేల్చే నియమాలు), బిల్డింగ్ రూల్స్, భూసేకరణ, పన్ను ఇందులోకి వస్తాయి. రెండోది ప్రైవేటు మనుషులది. పాత ఓనర్లు పెట్టిన షరతులు, పక్కవాళ్ల దారి హక్కులు, బ్యాంకు తాకట్టు, అసోసియేషన్ నియమాలు ఈ రకం. ప్రభుత్వ నియమాలు మీ దస్తావేజులో రాసి ఉండవు, రాయకపోయినా మీకు వర్తిస్తాయి. నాకు తెలియదంటే ఏ కోర్టూ వినదు. ప్రైవేటు షరతులు మాత్రం ఎక్కువగా పాత కాగితాల్లోనో, నేల మీదో కనబడతాయి. కాబట్టి వీటికోసం ఒకేచోట వెతికితే సగమే దొరుకుతాయి.

ముందు మీ అవసరం కాగితం మీద పెట్టండి

ఏం కట్టాలి, ఎన్ని అంతస్తులు, ఎవరు ఉంటారు, అద్దెకిస్తారా, కింద షాపు పెడతారా, పదేళ్ల తర్వాత పైన ఇంకో అంతస్తు వేస్తారా, పశువులు ఉంటాయా, బోరు వేస్తారా. ఇవన్నీ రాసుకోండి. "ఇక్కడ ఏదైనా సమస్య ఉందా?" అని ఆఫీసులో అడిగితే ఏమీ లేదనే చెబుతారు. "ఇక్కడ కింద క్లినిక్, పైన రెండంతస్తుల ఇల్లు కట్టొచ్చా?" అని అడిగితేనే పనికొచ్చే జవాబు వస్తుంది.

మీకు అమ్ముతున్నది ఎంత హక్కో చూడండి

పూర్తి యాజమాన్యం వేరు, లీజు వేరు. సింగపూర్‌లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ఫ్లాట్లు 99 ఏళ్ల లీజు మీద అమ్ముతారు. చైనాలో పట్టణ భూమి ప్రభుత్వానిదే, నివాస స్థలానికి 70 ఏళ్ల వాడుక హక్కు ఇస్తారు. ఇలాంటిది కొంటున్నప్పుడు ఇంకా ఎన్నేళ్లు మిగిలాయన్నదే అసలు లెక్క. కొందరికి బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రమే ఉంటుంది. వాళ్లు అమ్మినా, వాళ్లు పోయాక మీ చేతిలో ఏమీ మిగలదు. ఉమ్మడి ఆస్తిలో ఒక్కరే సంతకం పెడుతుంటే మీకు దక్కేది ఆ ఒక్కరి వాటా మాత్రమే.

పైనా కిందా కూడా చూడాలి. నేల కింద ఖనిజాలు చాలా దేశాల్లో ప్రభుత్వానివి. అమెరికాలో వాటిని నేల నుంచి విడదీసి వేరొకరికి అమ్మే వీలుంది కాబట్టి, పైన ఇల్లు మీదైనా కింద తవ్వుకునే హక్కు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు. ఆకాశం సంగతి 1946లో అమెరికా సుప్రీంకోర్టు కాజ్‌బీ కేసులో చెప్పింది. నార్త్ కరోలినాలో ఒక కోళ్ల ఫారం మీదుగా సైనిక విమానాలు బాగా తక్కువ ఎత్తులో ఎగిరేవి. ఆ హోరుకు కోళ్లు చనిపోయి ఫారం మూతపడింది. నేల ఎవరిదో ఆకాశం అంతా వాళ్లదే అన్న పాత సూత్రం ఈ కాలానికి చెల్లదని కోర్టు తేల్చింది. అయితే నేలను మామూలుగా వాడుకోవడానికి కావలసినంత ఎత్తు మాత్రం ఓనరుదేనంది. అందుకే ఆ రైతుకు పరిహారం పొందే హక్కు ఉందని చెప్పింది.

రిజిస్ట్రేషన్ పద్ధతి ఏదో కూడా కనుక్కోండి. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో రిజిస్టరులో ఉన్నదే టైటిల్, దానికి ప్రభుత్వం పూచీ. భారతదేశంలోలా దస్తావేజును రిజిస్టర్ చేసే పద్ధతిలో అలాంటి పూచీ లేదు. కాగితం నమోదైందని రుజువవుతుంది గానీ, అమ్మినవాడికి హక్కు ఉందని కాదు. రెండో పద్ధతి ఉన్నచోట పాత లింకు డాక్యుమెంట్లన్నీ (ఒక ఓనరు నుంచి ఇంకొకరికి స్థలం ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు) ఒకదాని వెంట ఒకటి చదవక తప్పదు.

జోనింగ్ మ్యాపు: ఇక్కడ తొందరపడకండి

స్థానిక ప్లానింగ్ ఆఫీసులో మాస్టర్ ప్లాన్ మ్యాపు ఉంటుంది, చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. అందులో మీ స్థలం ఏ జోన్‌లో పడిందో చూడండి. నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ జోన్లు దాదాపు అన్ని దేశాల్లోనూ ఉంటాయి. రంగు చూసి మ్యాపు మూసేయకండి. చుట్టుపక్కల ఏ జోన్లు ఉన్నాయి, భవిష్యత్తు రోడ్లకోసం గీసిన గీతలు ఎక్కడెక్కడ పోతున్నాయి, మీ హద్దును ఎక్కడైనా కోస్తున్నాయా అన్నది గమనించండి. మ్యాపు పక్కన ఉండే నియమాల పుస్తకమే అసలైనది. ఒక్కో జోన్‌లో నేరుగా చేయగలిగేవి, ప్రత్యేక అనుమతితో చేయగలిగేవి, అసలు చేయకూడనివి అందులో విడివిడిగా ఉంటాయి.

ఈ నియమాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే అవి ఎంత బలమైనవో అర్థమవుతుంది. న్యూయార్క్‌లో 1915లో పూర్తయిన ఈక్విటబుల్ బిల్డింగ్ స్థలం అంచుల దాకా నిటారుగా లేచి చుట్టుపక్కల వీధులను నీడలో ముంచేసింది. మరుసటి ఏడాదే, అంటే 1916లో, ఎత్తు పెరిగేకొద్దీ భవనం వెనక్కి జరగాలన్న జోనింగ్ నియమం వచ్చింది. పదేళ్లకు ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ గ్రామం కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 68 ఎకరాల ఓనరైన కంపెనీ తన భూమి పరిశ్రమలకైతే ఎకరం 10,000 డాలర్లు పలుకుతుందని, ఇళ్లకే పరిమితం చేస్తే 2,500 డాలర్లకు పడిపోతుందని వాదించింది. 1926లో కోర్టు గ్రామం పక్షానే తీర్పిచ్చింది.

ఇందులో కొనేవాళ్లు గుండెల మీద రాసుకోవాల్సిన విషయం ఉంది. ప్రభుత్వం మీ భూమిని తీసుకుంటే పరిహారం ఇస్తుంది. మీ భూమి వాడకాన్ని కట్టడి చేస్తే మాత్రం మామూలుగా ఏమీ ఇవ్వదు, విలువ సగానికి సగం పడిపోయినా సరే. హద్దు దాటిన నియమం భూమిని లాక్కోవడంతో సమానమని అమెరికా కోర్టు 1922లో ఒక బొగ్గు గని కేసులో అన్నది. కానీ ఆ హద్దు చాలా దూరంలో ఉంది. సౌత్ కరోలినా తీరంలో ఒక వ్యక్తి 1986లో రెండు ప్లాట్లు కొన్నాడు. 1988లో తీర రక్షణ చట్టం వచ్చి అక్కడ ఇళ్లు కట్టడం ఆగిపోయింది. భూమికి ఆర్థికంగా ఏ విలువా మిగలకుండా చేస్తే, ఆ కట్టడికి పాత ఆస్తి చట్టంలో ఆధారం లేకపోతే, అది సేకరణే అవుతుందని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. అతను గెలవగలిగింది విలువ పూర్తిగా పోయిందని కింది కోర్టు అప్పటికే తేల్చింది కాబట్టే. కాస్తో కూస్తో విలువ మిగిలిన వాళ్లకు దారి ఇంత సులువుగా ఉండదు. కాబట్టి కోర్టు ఆదుకుంటుందన్న ధీమాతో స్థలం కొనకండి.

జోన్ సరిపోయిందనుకున్నాక కొలతలు వేయాలి. ఒక లెక్క చేసి చూద్దాం. స్థలం 12 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు, అంటే 240 చదరపు మీటర్లు. ముందు 3, వెనక 2, రెండు పక్కలా ఒకటిన్నర మీటర్ల చొప్పున సెట్‌బ్యాక్ (హద్దు నుంచి కట్టకుండా వదలాల్సిన ఖాళీ) వదలాలనుకోండి. కట్టడానికి మిగిలేది 9 బై 15, అంటే అంతస్తుకు 135 చదరపు మీటర్లు. ఫ్లోర్ ఏరియా రేషియో (అన్ని అంతస్తులూ కలిపి స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే అంకె) 1.5 అయితే మొత్తం 360 చదరపు మీటర్ల దాకా కట్టొచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ ఎత్తు 7 మీటర్లు దాటకూడదన్న నియమం కూడా ఉంటే రెండంతస్తులే పడతాయి. చివరికి వచ్చేది 270. సెట్‌బ్యాక్, రేషియో, ఎత్తు మూడూ విడివిడిగా లెక్కేసి, వాటిలో ఏది తక్కువ ఇస్తుందో దాన్నే నమ్మండి. అమ్మేవాళ్లు ఎప్పుడూ పెద్ద అంకెనే చెబుతారు.

జోన్ మీద ఇంకో పొర కూడా పడొచ్చు. చెరువు, నది, సముద్ర తీరం, అడవి, విమానాశ్రయం, రక్షణ సంస్థ, పాత కట్టడం, హైటెన్షన్ లైను, గ్యాస్ పైపు వీటిలో ఏది దగ్గరున్నా వేరే చట్టం, వేరే ఆఫీసు రంగంలోకి దిగుతాయి. భారతదేశంలో కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మున్సిపల్ ఆఫీసులో ఈ సంగతి ఎవరూ ఎత్తకపోవచ్చు. మ్యాపులో మీ స్థలం చుట్టూ ఒక కిలోమీటరు వలయం గీసి, అందులో పడ్డ ప్రతిదానికీ సంబంధించిన శాఖను విడిగా అడగండి.

స్థలంలో ఇప్పటికే కట్టడం ఉంటే ఇంకో చిక్కు. నియమం రాకముందు నుంచి నడుస్తున్న వాడకాన్ని చాలాచోట్ల కొనసాగనిస్తారు. నివాస ప్రాంతంలో పాత వర్క్‌షాపు ఉందంటే కారణం అదే కావొచ్చు. కానీ దాన్ని పెంచడానికి వీలుండదు, కొంతకాలం మూసేస్తే ఆ మినహాయింపు పోతుంది, కూల్చి కడితే కొత్త నియమాలే వర్తిస్తాయి. పాత ఓనరు చేశాడు కదా, నేనూ చేస్తానని లెక్కేసుకోవద్దు. ఆ వాడకం దేని ఆధారంగా నడుస్తోందో కాగితం అడగండి. ఉన్న కట్టడానికి ప్లాన్ అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడంలో ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం) కూడా సరిచూసుకోండి.

ఏ జవాబైనా రాతపూర్వకంగా తీసుకోండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పింది రేపు ఎవరినీ కట్టిపడేయదు.

భూసేకరణ, పన్ను

మీ స్థలం మీదుగా రోడ్డు, రైలు, కాలువ, పారిశ్రామిక వాడ ఏదైనా ప్రతిపాదనలో ఉందా? నోటిఫికేషన్లు వెతకండి. ప్రజా ప్రయోజనం అన్న మాటకు కోర్టులు చాలా విశాలమైన అర్థం ఇచ్చాయి. కనెక్టికట్‌లోని న్యూ లండన్ నగరం ఆర్థికాభివృద్ధి కోసమని ఇళ్లు తీసుకోవడం సరైనదేనని 2005లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. ఇళ్లు పోయాయి, అనుకున్న ప్రాజెక్టు మాత్రం రాలేదు, ఆ నేల ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. ఆ తీర్పు మీద వచ్చిన ఆగ్రహంతో చాలా రాష్ట్రాలు చట్టాలు మార్చుకున్నాయి. భారతదేశంలో 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ తర్వాత ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాదు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదని చెప్పే 300ఎ అధికరణం ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీల కోసం సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధిత కుటుంబాల ముందస్తు అంగీకారం కావాలంటుంది. మీరున్న చోట చట్టం ఏదైనా, నోటిఫికేషన్ వచ్చాక కొంటే పరిహారం ఎవరికన్న తగువు మీ మెడకు చుట్టుకుంటుంది.

పన్ను విషయం తేలిక. బకాయి మనిషిని వదిలి భూమిని పట్టుకుంటుంది, చాలాచోట్ల బ్యాంకు అప్పుకన్నా ముందు వరుసలో నిలబడుతుంది. చివరి రసీదు చాలదు, బకాయిల్లేవన్న ధ్రువపత్రం తీసుకోండి. వాడకం మారితే పన్ను ఎంతకు పెరుగుతుందో కూడా అప్పుడే అడగండి. వారసులు లేకుండా, వీలునామా రాయకుండా చనిపోయిన మనిషి ఆస్తి ప్రభుత్వానికి చేరుతుంది. పాత లింకులో ఎక్కడైనా వారసుల దగ్గర ఖాళీ కనిపిస్తే ఇది గుర్తుంచుకోండి.

పాత దస్తావేజులు చదవండి, మీది ఒక్కటే కాదు

లండన్‌లో లెస్టర్ స్క్వేర్ తోటను 1808లో అమ్మినప్పుడు, దాన్ని ఎప్పటికీ తోటగానే ఉంచాలని, భవనాలు కట్టకూడదని కొన్నవాళ్ల చేత ఒప్పించుకున్నారు. అది చేతులు మారి చివరికి మాక్స్‌హే అనే అతని దగ్గరికి వచ్చింది. అతని దస్తావేజులో ఆ షరతు లేదు. కానీ పాత షరతు సంగతి అతనికి తెలుసు. నేను సంతకం పెట్టలేదు కదా అని కట్టబోతే, తెలిసి కొన్నావు కాబట్టి కట్టుబడాల్సిందేనని 1848లో కోర్టు అడ్డుకుంది. ఆ స్థలం ఇప్పటికీ తోటే. ఈ తీర్పు వల్లే ఒకప్పటి ఓనరు పెట్టిన షరతు మనుషులు మారినా భూమితో పాటు నడుస్తుంది. రిజిస్టరులో ఉన్న షరతు మీకు తెలిసినట్టే లెక్క, మీరు చదివినా చదవకపోయినా.

కాబట్టి లేఅవుట్ వేసిన మొదటి డెవలపరు దాకా వెనక్కి వెళ్లండి. ఇల్లు తప్ప వేరేది కట్టకూడదు, ప్లాటు విడదీయకూడదు, ప్రహరీ ఇంత ఎత్తు దాటకూడదు, అమ్మాలంటే ముందు ఫలానావాళ్లకే చెప్పాలి, ఇలాంటి మాటలు ఉంటాయి. అసోసియేషన్ ఉంటే బైలాస్, బకాయిల పత్రం, గత రెండు మూడేళ్ల మీటింగ్ మినిట్స్ అడిగి తీసుకోండి. రాబోయే పెద్ద ఖర్చు, నడుస్తున్న గొడవ ఆ మినిట్స్‌లోనే బయటపడతాయి. బైలాస్ కన్నా వాటికే ఎక్కువ సమయం ఇవ్వమంటాను.

ఈ ప్రైవేటు షరతులకు ఎంత బలమంటే, మామూలు జోనింగే లేని అమెరికా నగరం హ్యూస్టన్‌లో చాలా కాలనీల రూపాన్ని కాపాడుతున్నది దస్తావేజుల్లోని ఈ షరతులే. అలాగని రాసిన ప్రతి షరతూ చెల్లదు. ఫలానా జాతివాళ్లకు అమ్మకూడదన్న షరతులు అమెరికా దస్తావేజుల్లో ఒకప్పుడు మామూలు. వాటిని కోర్టులు అమలు చేయకూడదని 1948లో షెల్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి వాక్యం పాత కాగితంలో కనబడితే భయపడకండి. కానీ ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో లాయరు చేతే చెప్పించుకోండి.

ప్రభుత్వ నియమం ఒకటి, ప్రైవేటు షరతు ఇంకొకటి చెబితే ఏది పాటించాలి? రెండూ. అంటే కఠినంగా ఉన్నదే మీకు లెక్క. పైన వేసిన లెక్కలో రెండు పక్కలా రెండున్నర మీటర్ల చొప్పున వదలాలని పాత దస్తావేజు అంటే, వెడల్పు 7 మీటర్లకు తగ్గి అంతస్తుకు 105, మొత్తం 210 చదరపు మీటర్లే వస్తాయి. మున్సిపాలిటీ 270కి ప్లాన్ పాస్ చేసినా పక్క ప్లాటు ఓనరు కోర్టుకెళ్లి ఆపగలడు. ప్లాన్ ఇచ్చే ఆఫీసు మీ దస్తావేజు షరతులు చూడదు, అది దాని పని కాదు.

నేల మీద నడవండి

కాగితంలో కనబడని హక్కులు కాలిబాటలో కనబడతాయి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లండి. గడ్డి అరిగిపోయిన దారి ఉందా? పక్కవాళ్ల మురుగు ఎటు పోతోంది? మ్యాన్‌హోల్ మూత, కరెంటు స్తంభం, కంచెలో గేటు కనిపించాయా? దశాబ్దాల పాటు అడ్డులేకుండా, బాహాటంగా, ఎవరి అనుమతీ లేకుండా హక్కుగా వాడుకుంటే ఆ వాడకమే హక్కుగా మారుతుంది. ఇలా ఇంకొకరి నేలను వాడుకునే హక్కుల గురించిన భారత ఈజ్‌మెంట్ల చట్టం (1882) దీనికి 20 ఏళ్లు పెట్టింది. ఇంగ్లండ్‌లో కిటికీలోకి వచ్చే వెలుతురుకు కూడా 20 ఏళ్లకు హక్కు పుడుతుంది. కాబట్టి మీ గోడ పక్కింటి కిటికీని మూసేస్తుందా అన్నది కూడా చూడాలి.

అనుమతితో నడిస్తే ఈ హక్కు పుట్టదు. అందుకే స్థలం మీ చేతికొచ్చాక ఎవరినైనా దారి వాడుకోనిస్తే, ఇది నా అనుమతితోనే అని ఒక చిన్న కాగితం రాయించుకోండి. సంబంధాలూ బాగుంటాయి, హక్కూ చెడదు. మీ స్థలానికే దారి ఇంకొకరి నేల మీదుగా ఉంటే, అది రాతలో ఉందో లేదో చూడకుండా ముందుకు వెళ్లొద్దు.

సర్వేయరు చేత హద్దులు కొలిపించండి. పక్కవాళ్ల గోడ అర మీటరు లోపలికి వచ్చి ఏళ్లుగా ఉంటే, ఆ అర మీటరు ఇక మీకు దక్కకపోవచ్చు. ఇలా ఎవరూ అడ్డుకోకుండా ఆక్రమణ కొనసాగితే, భారతదేశంలో ప్రైవేటు భూమిని తిరిగి అడిగే గడువు 12 ఏళ్లు. ఎవరైనా నివాసం ఉంటే, ఏ హక్కుతో ఉంటున్నారో ఓనరును కాదు, వాళ్లనే అడగండి.

తాకట్టు, కేసులు

రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి భారాల (స్థలం మీద ఉన్న తాకట్టు లాంటి బాధ్యతల) వివరాలు తీసుకోండి, భారతదేశంలోనైతే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). అందులో రిజిస్టరైనవే కనబడతాయి. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు కనబడకపోవచ్చు. ఒరిజినల్స్ చూపించడానికి అమ్మేవాళ్లు వారాల తరబడి సాకులు చెబుతుంటే కారణం అదే కావొచ్చు. కోర్టులో కేసు ఉండగా కొంటే తీర్పు మీకూ వర్తిస్తుంది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఇదే. అమ్మేవాళ్ల పేరుతో స్థానిక కోర్టుల్లో వెతికించండి.

అడ్డంకి దొరికితే

అన్ని అడ్డంకులూ ఒకటి కాదు. సెట్‌బ్యాక్‌లో చిన్న తేడాకు, స్థలం ఆకారం వల్ల నిజమైన ఇబ్బంది ఉంటే, మినహాయింపు దొరకొచ్చు. తాకట్టు తీర్చి విడుదల పత్రం తెచ్చుకోవచ్చు. పాత షరతు వల్ల లాభపడేవాళ్లు ఒప్పుకుంటే దాన్ని వదులుకుంటూ రాసివ్వగలరు. అదే జోన్ మార్పయితే మాత్రం ఏళ్లు పట్టే పని, వస్తుందన్న నమ్మకమూ లేదు. "జోన్ మారుతుందట" అన్న మాటను ధరలో కలిపి అడుగుతున్నారంటే, ఆ డబ్బు మీరు పుకారుకు కడుతున్నట్టే.

సేల్ అగ్రిమెంట్‌లో మీ షరతులు రాయించండి: ఫలానా వాడకానికి అనుమతి ఫలానా తేదీలోపు రాకపోతే అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇవ్వాలి, తెలిసిన దారి హక్కులు, కేసులు, నోటీసులు అన్నీ ఇవే అని అమ్మేవాళ్లు సంతకం పెట్టాలి, దాచింది బయటపడితే నష్టం వాళ్లే భరించాలి. ఈ మూడింటికీ ఒప్పుకోని అమ్మకందారుతో, స్థలం ఎంత నచ్చినా, నేనైతే మాట్లాడటం అక్కడితో ఆపేస్తాను.

రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు భారాల వివరాలు మళ్లీ ఒకసారి తీయండి, అడ్వాన్స్‌కూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య కొత్త ఎంట్రీ పడే వీలుంది. కొన్నాక కట్టడానికి ఆలస్యమైతే, పునాది తీసే ముందు జోనింగ్ నియమాలు మరోసారి చూసుకోండి. కొన్నరోజున ఉన్న నియమాలు కట్టే రోజుకు అలాగే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వరు.